పాడైన పెయింట్‌ను రెండోసారి ఎవరి చేతికివ్వాలి? విజయనగరం, శ్రీకాకుళం కారు యజమానులకు ఒక పోలిక

దసరాకు నాలుగు వారాల ముందు విజయనగరంలో ఒక ఆటో మా కారు వెనక ఎడమ తలుపునూ బంపర్‌నూ గీసుకుంటూ పోయింది. ఊళ్లోనే ఒక షాపులో ఇచ్చాను. నాలుగో రోజు రాత్రి ఏడున్నరకి, ట్యూబ్‌లైట్ల వెలుగులో కారు తెచ్చుకున్నాను. అద్దంలా మెరుస్తోంది. డబ్బులిచ్చేసి వచ్చాను. మర్నాడు పొద్దున్న పైడితల్లమ్మ గుడి దగ్గర ఎండలో ఆపితే మా ఆవిడ అడిగింది: "ఏవండీ, ఈ తలుపు రంగు వేరేగా ఉందేంటి?"

దగ్గరికెళ్లి చూశాను. సిల్వర్ గ్రే కారుకి ఆ తలుపు ఒక ఛాయ ముదురుగా ఉంది. బంపర్ మీద నారింజ తొక్కలాంటి గరుకు. అద్దం కింద నల్ల బీడింగ్ మీద, తలుపు రబ్బరు మీద సన్నటి బూడిదరంగు తుంపర. నేను అడగకపోయినా "మొత్తం బండి రబ్బింగ్ చేసేశాం సార్" అని ఉచితంగా చేసిన పనివల్ల వెనక ఫెండర్ (చక్రం పైనుండే రేకు) నిండా సాలెగూడులాంటి గీతలు. వారం తర్వాత వాన పడితే వెనక సీటు ముందున్న మ్యాట్ కింద నీళ్లు.

గీత పడినప్పుడు కలిగిన బాధ కన్నా, బాగుచేయించాక కలిగిన బాధ ఎక్కువ. ఆ బాధలోనే చాలామంది రెండో తప్పు చేస్తారు. కోపంతో అదే షాపుకు వెళ్లి మళ్లీ రుద్దిస్తారు, లేకపోతే విసుగుతో ఎవరో ఒకరికి ఇచ్చేస్తారు. నేను రెండు నెలలు తిరిగాను. విజయనగరం షెడ్లు, శ్రీకాకుళంలో ఒక డీటెయిలింగ్ షాపు (రంగు వేయకుండా ఉన్న పైపొరనే సరిచేసేది), విశాఖలో ఒక కంపెనీ బాడీషాప్, అందరితోనూ మాట్లాడాను. వాళ్లలో మంచి పనివాళ్లందరూ మొదట తలుపు తట్టి, ఎండలో వంగి చూసి, ఒకే ప్రశ్న అడిగారు: తప్పు ఏ పొరలో ఉంది, పైన ఇంకా ఎంత పెయింట్ మిగిలింది? ఎవరికివ్వాలన్నది ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

కారు రేకు మీద అడుగున తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగు లేని క్లియర్ కోటు ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు ఈ పొరలన్నీ కలిపి సాధారణంగా 90 నుంచి 140 మైక్రాన్లు. అంటే మామూలు జిరాక్స్ కాగితం ఒక్కటి ఎంత మందమో దాదాపు అంతే. అందులో క్లియర్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. ఎండనీ వాననీ తట్టుకునేది ఆ పైపొరే. రబ్బింగ్ చేసిన ప్రతిసారీ అందులో కొన్ని మైక్రాన్లు పోతాయి, అవి తిరిగి రావు. అందుకే "ఇంకొక్కసారి రుద్దితే పోద్ది" అన్న మాట నాకు భయం పుట్టిస్తుంది.

ఇంటి దగ్గరే చేయగలిగే పరీక్షలున్నాయి. కారు కడిగి ఉదయం ఎండలో పెట్టండి.

గీత మీద కొంచెం నీళ్లు పోయండి. తడిగా ఉన్నంతసేపు గీత కనిపించకుండా పోతే అది క్లియర్‌లోనే ఉంది. నీళ్లలోనూ తెల్లగా కనిపిస్తూ, గోరు తగులుకుంటుంటే లోతుకు దిగింది.

చేతికి పలుచని ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పెయింట్ మీద మెల్లగా రాయండి. ఉత్త చేతికి తెలియని గరుకు కవరులోంచి ఇసుకలా తెలుస్తుంది. పక్క ప్యానెల్స్ మీదా, అద్దాల మీదా ఆ గరుకు ఉంటే పెయింట్ గన్ నుంచి ఎగిరిన తుంపర పడినట్టు.

రంగు తేడాను ఎదురుగా నిలబడి చూస్తే సరిపోదు. మెటాలిక్ రంగుల్లో ఉండే సన్నటి రేకులు ఎదురుగా ఒకలా, పక్క నుంచి ఒకలా వెలుగునిస్తాయి. మూడు కోణాల్లో చూడండి. ఒక విషయం గుర్తుంచుకోండి: ప్లాస్టిక్ బంపర్‌కూ రేకు ఫెండర్‌కూ మధ్య కొద్దిపాటి తేడా కొత్త కార్లలోనూ ఉంటుంది. రెండో వైపు బంపర్ అంచుతో పోల్చి చూశాకే తప్పు పట్టండి.

పెయింట్ కింద నుంచి బుడగల్లా పొంగుతుంటే ఏ పాలిష్‌కూ లొంగదు. అది తుప్పు కావచ్చు, తేమ మీద వేసిన పెయింట్ కావచ్చు. కళింగపట్నం, బారువ, భీమిలి లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో కారు ఉండేవాళ్లు దీన్ని అసలు వాయిదా వేయకూడదు. ఉప్పుగాలి ఆ రంధ్రం దగ్గర ఆగదు.

ఆ తర్వాత మీటర్. పెయింట్ మందం కొలిచే చిన్న మీటర్ డీటెయిలింగ్ షాపుల్లో, పాత కార్లు కొనేవాళ్ల దగ్గర ఉంటుంది. అడిగితే అయిదు నిమిషాల్లో కొలిచి చెబుతారు. మా ముందు తలుపు 115 చూపించింది, అంటే కంపెనీ పెయింట్. పాడుచేసిన తలుపు 310, అంటే మళ్లీ వేసిన పెయింట్. 500 దాటితే లోపల లప్పం బాగా ఉన్నట్టే. నాకు కళ్లు తెరిపించిన అంకె వెనక ఫెండర్‌ది: 78. గీతల కోసం దాన్ని మళ్లీ రుద్దితే క్లియర్ చిల్లిపడి రంగు బయటపడే ప్రమాదం ఉందని ఆ మీటర్ లేకపోతే నాకు తెలిసేదే కాదు. మామూలు మీటర్ రేకు మీదే పనిచేస్తుంది. ప్లాస్టిక్ బంపర్ మీద చూపించే అంకెను నమ్మకండి.

ఇవి కాక ఇంకో మూడు సంగతులు: చేతిలో బిల్లు ఉందా, కారును ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటారు, ఇది ఏ నెల. నెల మాట ఎందుకో షెడ్డు దగ్గర చెబుతాను.

| కనిపించే తప్పు | ఎక్కడ ఉంది | మొదట వెళ్లాల్సిన చోటు | మళ్లీ పెయింట్ కావాలా |
|---|---|---|---|
| సాలెగూడు గీతలు, ఎండలో కదిలే మచ్చలు | క్లియర్ పైన | డీటెయిలింగ్, మీటర్ చూశాకే | చాలావరకు అక్కర్లేదు |
| గరుకు తుంపర | పెయింట్ మీద | ఇంట్లో క్లే బార్ (అంటిన గరుకును లాగేసే మెత్తటి ముద్ద), లేదా డీటెయిలింగ్ | వద్దు |
| నారింజ తొక్క, దుమ్ము రేణువులు, పెయింట్ కారిన చిన్న చారలు | క్లియర్‌లో | పాత షాపు, లేదా డీటెయిలింగ్ | క్లియర్ పలుచగా ఉంటే కావాలి |
| రంగు తేడా | రంగు పొరలో | పాత షాపు, కాదంటే మంచి షెడ్డు | కావాలి |
| పొరలు ఊడటం, బుడగలు | అడుగున | షెడ్డు లేదా కంపెనీ బాడీషాప్ | రేకు దాకా గీకి వేయాలి |
| బీడింగ్, రబ్బరు, క్లిప్పులు, లోపలికి నీళ్లు | బిగింపులో | పాత షాపు, కాదంటే కంపెనీ స్పేర్లు | వద్దు |

## పాడుచేసిన షాపుకే తిరిగి ఇవ్వడం

మనసు ఒప్పదు. కానీ ఫొటోలు తీసుకుని మొదట వెళ్లాల్సింది అక్కడికే. వేరేవాళ్లు చేయి పెట్టిన మరుక్షణం పాత షాపు "మేం చేసినప్పుడు బాగానే ఉంది" అని చేతులు దులుపుకోవచ్చు. రేపు ఫిర్యాదు దాకా వెళ్లినా, బాగుచేసే అవకాశం మీరిచ్చారన్నది మీ వైపు బలం.

నేను వెళ్తే మేస్త్రీ అన్న మాట: "ఏటి కాదు బాబూ, పది రోజులు ఎండలో తిరిగితే కలిసిపోద్ది." కలవదు. క్లియర్ కోటు కింద ఆరిపోయిన రంగు పదిరోజుల ఎండకు పక్క తలుపు రంగులోకి మారదు. ఆయన నన్ను మోసం చేయాలని అన్నారని నేను అనుకోను. ఆయనకు ఎవరో అలాగే చెప్పి ఉంటారు. అయితే ఆ ఒక్క మాటతో నాకు తెలిసింది, ఆ తలుపు అక్కడ రెండోసారి కూడా సరిగా రాదని.

కాబట్టి వెళ్లినప్పుడు గొడవ పడకుండా వినండి. "తప్పు ఇదీ, ఇందువల్ల వచ్చింది, ఈసారి ఇలా చేస్తాం" అని చెప్పగలిగితే ఆ షాపుకు ఇవ్వవచ్చు. రంగును డబ్బాలో కలిపి నేరుగా తలుపు మీద కొట్టారా, ముందు ఒక కార్డు మీద కొట్టి కారు పక్కన పెట్టి చూశారా అని అడగండి. కార్డు సంగతి తెలియని చోట రంగు తేడా మళ్లీ వస్తుంది. "ఇంకొకసారి రుద్దేస్తాం" అనే ఒక్క జవాబే ఉంటే కారు అక్కడ వదలకండి.

బీడింగ్, రబ్బరు, నీళ్ల సమస్య మాత్రం పాత షాపే సరిచేయాలని పట్టుబట్టండి. దానికి పెయింటింగ్ నైపుణ్యం అక్కర్లేదు, బాధ్యత చాలు. మా తలుపులో నీళ్లు రావడానికి కారణం చాలా చిన్నది. లోపలి డోర్ ప్యాడ్ విప్పినప్పుడు దాని వెనకున్న ప్లాస్టిక్ షీటు ఊడదీసి, తిరిగి జిగురుతో అతికించకుండా ప్యాడ్ బిగించేశారు. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు కూడా లప్పంతో పూడుకుపోతాయి ఒక్కోసారి. అప్పుడు తలుపు లోపలే నీళ్లు నిలిచి, రెండేళ్లకు కింది అంచు తుప్పు పడుతుంది. వంగి ఆ రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూడండి.

## డీటెయిలింగ్ షాపు

వీళ్లు రంగు వేయరు. ఉన్న పైపొరను సరిచేస్తారు. తుంపర, సాలెగూడు గీతలు, దుమ్ము రేణువులు, కొద్దిపాటి నారింజ తొక్క వీళ్ల పని. పాడైన పని సరిదిద్దడానికి ఇదే అన్నిటికన్నా సున్నితమైన దారి. అందుకే పొర అనుమతిస్తే ఇక్కడే మొదలుపెట్టమంటాను.

పెట్టాల్సిన షరతు ఒక్కటే. ముందు ఒక అడుగు చదరం మాత్రమే చేసి చూపించమనండి. చేశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఎండలో చూపించమనండి. కొన్ని పాలిష్‌లలో గీతలను నింపేసే జిగట ఉంటుంది. ఆ రోజు గీతలు కనిపించవు, నాలుగు వాషింగులకు అన్నీ తిరిగి వస్తాయి. ఆల్కహాల్ ఆ జిగటను తీసేస్తుంది కాబట్టి నిజం అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఒకే దిక్కున తిరిగే రోటరీ మిషన్ చేతకాని చేతిలో పడితే సాలెగూడు గీతలు వస్తాయి. తిరుగుతూ ఊగే డీఏ మిషన్ దానికన్నా మెతక. సన్నపని దేనితో చేస్తారో అడగడం మీ హక్కు.

ఇక్కడ చాలామంది పడే ఉచ్చు సెరామిక్ కోటింగ్. "ఎలాగూ వచ్చారు కదా, కోటింగ్ వేయించేయండి" అంటారు. కోటింగ్ కింద ఉన్న తప్పు ఆ కోటింగ్‌తోపాటు అలాగే నిలిచిపోతుంది. కొత్తగా పెయింట్ వేసిన ప్యానెల్‌కు అయితే లోపలి ద్రావకాలు పూర్తిగా బయటకు పోవాలి కాబట్టి సుమారు 30 రోజులు వ్యాక్సూ కోటింగూ రెండూ ఆపమంటారు. డబ్బు అక్కడ పెట్టకండి, కనీసం అప్పుడే పెట్టకండి.

## ఊళ్లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు

రంగు తేడా, పొరలు ఊడటం లాంటివి మళ్లీ పెయింట్ వేస్తేనే పోతాయి. మన జిల్లాల్లో ఎక్కువమందికి అందుబాటులో ఉండేది షెడ్డే. ఖర్చు కంపెనీ బాడీషాప్ కన్నా తక్కువ. నాకు నచ్చే విషయం అది కూడా కాదు. ఇక్కడ గన్ పట్టుకునే మనిషి ముందు నిలబడి మాట్లాడవచ్చు. ఇరవై ఏళ్లు రంగులు కలిపిన చేయి అయితే ఏ కంప్యూటర్ ఫార్ములాకూ అందని ఛాయను పట్టుకుంటుంది. అలాంటి వాళ్లు విజయనగరంలోనూ ఉన్నారు, శ్రీకాకుళంలోనూ ఉన్నారు. అయితే అందరూ అలాంటి వాళ్లు కారు. వెతకాలి.

వెతికే పద్ధతి చెబుతాను. పని అయిపోయిన కారు ఒకటి షెడ్లో ఉన్నప్పుడు, పగటిపూట వెళ్లండి. తలుపు తెరిచి అంచులు తడమండి. పెయింట్ అంచు మెట్టులా తగిలితే హ్యాండిల్, బీడింగ్ విప్పకుండా టేపు అతికించి కొట్టారని అర్థం. ఆ మెట్టు దగ్గరే ఏడాది తిరిగేసరికి పెయింట్ లేస్తుంది. రబ్బరు మీద, చక్రం లోపల, గాజు అంచున తుంపర ఉందేమో చూడండి. ఒక షెడ్డు గురించి పదిమంది చెప్పే మాటకన్నా ఆ రెండు నిమిషాల చూపు నమ్మదగింది.

తర్వాత ఈ ప్రశ్నలు అడగండి, జవాబులు కాగితం మీద రాయించుకోండి.

రంగు టూకే పద్ధతిలో, అంటే హార్డ్‌నర్ కలిపి వేస్తారా, పాతకాలపు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటా? ఎన్‌సీ త్వరగా ఆరుతుంది, చవక, కానీ మన్నదు. తేమ గాలిలో తెల్లగా పొగ పట్టినట్టు మారిపోతుంది కూడా. క్లియర్ ఏ కంపెనీది? నిప్పాన్, పీపీజీ, నెరోలాక్ లాంటి పేరున్న డబ్బా మీ కళ్ల ముందే తెరవమంటే మంచి మేస్త్రీ నొచ్చుకోడు.

ప్లాస్టిక్ బంపర్ మీద ప్లాస్టిక్ ప్రైమర్ వేస్తారా? అది వేయకుండా కొట్టిన రంగు మొదటిసారి చిన్నగా తగలగానే అప్పడంలా ఊడి వస్తుంది. బంపర్‌లో పార్కింగ్ సెన్సర్లుంటే వాటి మీద మందంగా పెయింట్ పడకూడదు. ముందు రాడార్ ఉన్న కొత్త కారైతే బంపర్ ఆ భాగంలో లప్పం, మందపు పెయింట్ వద్దని కంపెనీలే చెబుతాయి. అలాంటి బంపర్‌ను షెడ్డుకు ఇవ్వకండి.

రంగును పక్క ప్యానెల్ మీదికి పొడిగిస్తారా? మెటాలిక్, ముత్యపు తెలుపు రంగులకు ఇదే అసలు కిటుకు. తలుపు అంచు దగ్గర రంగు ఆపేస్తే ఎంత దగ్గరగా కలిపినా తేడా గీత గీసినట్టు కనిపిస్తుంది. పక్క ప్యానెల్‌లోకి పలచబడుతూ పోయేలా రంగు కొట్టి, ఆ ప్యానెల్ మొత్తానికి క్లియర్ వేస్తే కన్ను తేడాను పట్టుకోలేదు. దీనికొక మూల్యం ఉంది: చెడిపోని కంపెనీ పెయింట్ మీద మీరు చేయి వేస్తున్నారు. రేపు కారు అమ్మేటప్పుడు ఆ ప్యానెల్ కూడా మీటర్‌లో 'రీపెయింట్' అని వస్తుంది. కారు చాలా ఏళ్లు ఉంచుకునేవాళ్లు పొడిగించుకోవచ్చు. ఏడాదిలో అమ్మేవాళ్లు ఒకే ప్యానెల్‌తో సరిపెట్టుకుని కొద్దిపాటి తేడాను భరించడం మేలని నా అభిప్రాయం.

రంగు కోడ్ కారు మీదే ఉంటుంది, సాధారణంగా తలుపు స్తంభం మీదో బానెట్ కిందో ఉన్న ప్లేటు మీద. ఒకే కోడ్‌లోనూ ఒక్కో బ్యాచ్‌కు చిన్న తేడాలుంటాయి, పైగా మీ కారు ఎండకు కొంత వెలిసి ఉంటుంది. అందుకే కోడ్ ఆరంభం మాత్రమే, కార్డు మీద కొట్టి చూసి సరిచేసుకోవాలి. కలర్ మిక్సింగ్ షాపు ఇచ్చిన ఫార్ములా స్లిప్పు తెచ్చుకుని దాచుకోండి. మూడేళ్ల తర్వాత మళ్లీ గీత పడితే అదే మీకు పనికొస్తుంది.

ఇక నెల సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక రుతుపవనం, అక్టోబరు నుంచి ఈశాన్య గాలి, మధ్యలో వాయుగుండాలు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే మన తీరాన్ని కొట్టాయి. బూత్ (పెయింట్ వేసే మూసిన గది) లేకుండా రేకుల షెడ్లో పెయింట్ వేసే చోట గాల్లో తేమ, మీద వాలే పురుగు, రోడ్డు దుమ్ము అన్నీ తడి క్లియర్‌లోకి చేరతాయి. గ్రానైట్ లారీలు తిరిగే టెక్కలి వైపు రోడ్డు పక్క షెడ్లకు దుమ్ము ఇంకా ఎక్కువ. తుప్పు, బుడగలు లేకపోతే, షెడ్డు పనికి డిసెంబరు చివరి నుంచి మార్చి మొదటి దాకా ఆగండి. ఏప్రిల్, మే ఎండలో మరో ఇబ్బంది ఉంది. త్వరగా ఆరే థిన్నర్ వాడితే క్లియర్ సమంగా పరుచుకోకముందే గడ్డకట్టి నారింజ తొక్క వస్తుంది. వేసవికి నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడాలని తెలిసిన మేస్త్రీ ఎవరో ఒక్క ప్రశ్నతో తెలుస్తుంది.

## కంపెనీ ఆథరైజ్డ్ బాడీషాప్

బూత్ ఉంటుంది. లోపలి గాలి వడకట్టి వస్తుంది, పెయింట్ వేశాక సుమారు 60 డిగ్రీల వేడిలో అరగంట అటూ ఇటూ ఆరబెడతారు. వానాకాలంలో పని ఆగకూడదంటే ఇదే దారి. బీడింగులు, క్లిప్పులు, రబ్బర్లు అసలు స్పేర్లు వస్తాయి. పనికి రాతపూర్వక వారంటీ ఇస్తారు, ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోండి. కారు ఇంకా కంపెనీ వారంటీలో ఉంటే, ముఖ్యంగా తుప్పుకు వారంటీ ఉంటే, నేను రెండో ఆలోచన లేకుండా ఇక్కడికే పంపిస్తాను.

ఇబ్బందులు: ఖర్చు అన్నిటికన్నా ఎక్కువ. మీరు మాట్లాడేది సర్వీస్ అడ్వైజర్‌తో, గన్ పట్టుకునే మనిషితో కాదు. మీ కారు బ్రాండ్ బాడీషాప్ ఊళ్లో లేకపోతే విశాఖ వెళ్లాలి. విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద పైచిలుకు. పని నచ్చకపోతే ఆ దారి మళ్లీ మళ్లీ తిరగాలి. దూరం వల్లే చాలామంది "పోనీలే" అని తప్పున్న కారునే తెచ్చుకుంటారు. వెళ్తే పొద్దున్నే వెళ్లి, పగలు చూసుకుని, మధ్యాహ్నంలోపు బయల్దేరేలా పెట్టుకోండి.

## ఇంట్లో మనం చేసుకోగలిగినవి

తుంపరకు క్లే బార్ చాలు. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, ముద్దను ఒత్తకుండా జార్చాలి. కిందపడిన ముక్కను పారేయాలి, దానికి అంటిన ఇసుక కొత్త గీతలు పెడుతుంది. గాజు మీదా ఇదే పని చేస్తుంది. రబ్బరు మీద, గరుకు నల్ల ప్లాస్టిక్ మీద వాడకూడదు.

నల్ల ప్లాస్టిక్ మీద తెల్లగా ఎండిన పాలిష్ మరకలు సబ్బు నీళ్లు, మెత్తటి పళ్ల బ్రష్‌తో చాలావరకు పోతాయి. థిన్నర్, పెట్రోలు మాత్రం వద్దు. మరకతోపాటు ప్లాస్టిక్ నునుపు, రబ్బరు జీవం పోతాయి. రబ్బరు మీద పెయింట్ తుంపరకు గుడ్డ మీద కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకుని, ముందు కనిపించని చోట రాసి చూడండి. పోకపోతే బీడింగ్ మార్చడమే. విరిగిన క్లిప్పు ధర చాలా తక్కువ, కానీ అది లేని బీడింగ్ హైవే మీద కొట్టుకుంటూ ఉంటుంది, నీళ్లు రానిస్తుంది. ఊడిన బీడింగును ఫెవిక్విక్‌తో అతికించకండి. రెండు వైపులా అంటుకునే ఫోమ్ టేపు వేస్తే తర్వాత విప్పుకోవచ్చు.

నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) క్లియర్‌ను ఇంట్లో రుద్దే వీడియోలు చూసి పనిలోకి దిగకండి. అంచుల దగ్గర పొర అన్నిటికన్నా పలుచన, అక్కడే చిల్లిపడుతుంది.

## ఏమీ చేయకుండా వదిలేయడం

ఇదీ ఒక ఎంపికే. పదేళ్లు దాటిన కారు, పొర గట్టిగా అంటుకుని ఉంది, తేడా ఎండలో దగ్గరికెళ్తే తప్ప కనిపించదు అంటే, వదిలేయండి. మందం 80 లోపు ఉన్న ప్యానెల్ మీద సన్న గీతలనూ వదిలేయమంటాను. గీతలున్న క్లియర్, లేని క్లియర్ కన్నా ఎన్నో రెట్లు మేలు.

## డబ్బు ఎవరు భరించాలి

పని బాగా చేయకపోవడాన్ని ఇన్సూరెన్స్ భరించదు. ప్రమాదాన్నే భరిస్తుంది. అయితే మొదటి పని క్లెయిమ్ కింద జరిగి ఉంటే, కారు తీసుకునేటప్పుడు తృప్తిగా ఉందని సంతకం పెట్టే కాగితం ఒకటి ఇస్తారు. పగటి వెలుగులో చూడకుండా అది పెట్టకండి. పెట్టక ముందే తప్పులు రాసి గ్యారేజీకీ ఇన్సూరెన్స్ కంపెనీకీ పంపండి. జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదలకు కోత వేయని సదుపాయం) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం మీదే. పెయింటింగ్‌లో మెటీరియల్ ఖర్చులోనూ సగం మీదే. అందుకే బంపర్, బీడింగుల బిల్లు చేతికి వచ్చేసరికి అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉంటుంది.

షాపు అసలు పట్టించుకోకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇది సేవాలోపం. ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, చాలా గొడవలు అక్కడే తేలతాయి. తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. షాపు విశాఖలో ఉన్నా మీరు విజయనగరంలో వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. షాపుకు ఇచ్చిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. కావాల్సినవి బిల్లు, తేదీలున్న ఫొటోలు, షాపుకు మీరు పంపిన సందేశాలు, మీటర్ అంకెలు, ఇంకో షాపు రాసిచ్చిన ఎస్టిమేట్. బిల్లు వద్దని నాలుగు వందలు తగ్గించుకున్నవాళ్లకు ఈ దారి చాలా కష్టమవుతుంది.

## ఎవరికి ఏది

మూడేళ్ల లోపు కారు, ఇంకా వారంటీలో ఉంది: కంపెనీ బాడీషాప్. దూరమైనా సరే.

అరకు, అరసవల్లి ట్రిప్పులు తిప్పే ట్రావెల్స్ కారు: మీకు రోజు పోతే కిరాయి పోతుంది. నీళ్లు, క్లిప్పులు, ఊడిపోయే పెయింట్ మాత్రం వెంటనే చేయించండి, రంగు తేడాను ఖాళీ ఉండే రోజులకు వాయిదా వేయండి.

ఏడాదిలో అమ్మాలనుకునేవాళ్లు: తుంపర, గీతలు తీయించండి, అక్కడితో ఆపండి. కొనేవాడి దగ్గర కూడా మీటర్ ఉంటుంది. ఒక ప్యానెల్ రీపెయింట్ అని నిజం చెప్పి బిల్లు చూపించడం, మూడు ప్యానెల్స్ రంగేసి దాచడం కన్నా మంచి ధర తెస్తుంది.

అమ్మానాన్నల దగ్గర కారు వదిలి బయట ఊళ్లో ఉండేవాళ్లు: ఫోన్లో పని అప్పగించకండి. షెడ్డు పని పక్కన ఒకరు నిలబడితేనే బాగుంటుంది. మీరు వచ్చే సంక్రాంతికి పెట్టుకోండి, వాతావరణం కూడా అనుకూలం. అయితే పండగకు ముందు షెడ్లన్నీ నిండిపోయి ఉంటాయి కాబట్టి నెల ముందే మాట్లాడుకోండి.

కారు చాలా ఏళ్లు ఉంచుకునే మాలాంటి వాళ్లు: మంచి షెడ్డు, పొడి నెల, పక్కన మనం.

మా కారు జనవరి చివర్లో చేయించాం. పాత షాపు నేను వద్దన్న తలుపును వదిలేసి, కొత్త బీడింగ్, రబ్బరు డబ్బులిచ్చింది. షెడ్డు మేస్త్రీ తలుపు మీద చెడ్డ పొరలు తీసేసి, కార్డు మూడుసార్లు కొట్టి చూసుకుని, రంగును ముందు తలుపు మీదికీ వెనక ఫెండర్ మీదికీ పొడిగించాడు. నన్ను భయపెట్టిన ఆ 78 మైక్రాన్ల ఫెండర్ మీద గీతల కోసం ఇక పాలిష్‌తో రుద్దే పని లేకుండా కొత్త క్లియర్ పడింది, గీతలూ దాని కింద మాయమయ్యాయి. ముందు తలుపు ఇప్పుడు 160 పైన చూపిస్తుంది. కంపెనీ పెయింట్ పోయిందన్న చిన్న బాధ నాకుంది, కానీ తెలిసి ఒప్పుకున్నదే.

ఈసారి పొద్దున్న పది గంటలకు వెళ్లాను. పాలిష్ వేయొద్దని ముందే చెప్పాను, ఒట్టి నీళ్లతో కడిగి ఎండలో పెట్టారు. మూడు కోణాల్లో చూశాను. తర్వాత మేస్త్రీయే పైపు తెచ్చి పది నిమిషాలు తలుపు మీద నీళ్లు పట్టాడు, ఇద్దరం కలిసి వెనక మ్యాట్ ఎత్తాం. పొడిగా ఉంది.